పోలో 2013: పాత కంపెనీ స్టీరియో మొరాయిస్తోంది, కొత్త తరం కంపెనీ సెట్టు బిగించుకోవచ్చా?

తెనాలి పోలో · 9 మార్చి, ఉదయం 7:12

అందరికీ నమస్కారం. మాది 2013 ఫోక్స్‌వ్యాగన్ పోలో డీజిల్. లక్షా పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజను, గేర్లు, సస్పెన్షన్ అన్నీ బాగున్నాయి. కంపెనీ నుంచి వచ్చిన స్టీరియోకు మాత్రం వయసు మీద పడింది. శబ్దం పెంచుదామని గుండీ కుడివైపు తిప్పితే రెండు మెట్లు పెరిగి మూడు మెట్లు తగ్గుతుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఆగిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. తెర మీద కింది సగం అక్షరాలు వెలిసిపోయాయి. పన్నెండు వేసవులు చెట్టు నీడ కూడా లేని చోట నిలబడ్డ బండి, కాబట్టి తప్పు ఎవరిదీ కాదు.

యాక్సెసరీస్ షాపులో అడిగితే తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ సెట్టు పెడతామన్నారు. వైర్లు కొన్ని కోసి అతకాలట. నాకు అది ఇష్టం లేదు. ఇంకో కారణం మా నాన్నగారు. ఆయన రోజూ పొద్దున్నే పొలానికి ఈ కారులోనే వెళ్తారు. దారిలో ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రాంతీయ వార్తలు వినాలి, అదీ మీడియం వేవ్ 837 మీద. ఫోనులో పెట్టిస్తానంటే వద్దంటారు. గుండీ తిప్పగానే వార్తలు రావాలి, అంతే.

ఇదే కంపెనీ తర్వాతి తరం సెట్టు ఆర్‌సీడీ 330 మా కారులో కూర్చుంటుందని విన్నాను. నిజమేనా? చేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

ఓరుగల్లు వెంటో · 9 మార్చి, ఉదయం 9:40

కూర్చుంటుందండీ, నిశ్చింతగా ఉండండి. నేను 2019లో ఇదే కంపెనీ కారైన నా వెంటోకు పెట్టుకున్నాను. ఈ రోజుకీ ఒక్క వైరు కోయలేదు. మీ పాత సెట్టు వెనక ఉండే పెద్ద చదరపు కప్లర్‌నే క్వాడ్‌లాక్ అంటారు. కొత్త సెట్టుకూ అదే కప్లర్. ముందున్న ప్లాస్టిక్ చట్రం క్లిప్పుల మీద నిలబడి ఉంటుంది, లాగితే వచ్చేస్తుంది. దాని వెనక నాలుగు నక్షత్రపు మరలు ఉంటాయి. టీ20 స్క్రూడ్రైవర్ ఉంటే చాలు.

తెర ఆరున్నర అంగుళాలు, వేలితో తాకితే ఫోనులాగే స్పందిస్తుంది. ఫోనులోని మ్యాపు, పాటలు కారు తెర మీదికి తెచ్చే కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో కావాలంటే ఏ పార్టు నంబరులో అవి ఉన్నాయో చూసుకుని కొనండి. ఒకే రూపంలో వేర్వేరు రకాలు వచ్చాయి, అన్నింటిలో రెండూ ఉండవు. స్టీరింగ్ మీది బటన్లు మొదటి రోజు నుంచే పనిచేశాయి. మీటరు దగ్గరి చిన్న తెర మీద స్టేషను పేరు కూడా వస్తుంది. రాత్రి హెడ్‌లైట్లు వేస్తే బటన్ల వెలుతురు తక్కిన డ్యాష్‌బోర్డుతో పాటే తగ్గుతుంది. బయటి సెట్టు పెట్టిన కార్లలో ఆ ఒక్క తెర మాత్రం కళ్ళలో గుచ్చుకుంటూ ఉంటుంది, గమనించండి.

వైరింగ్ మాస్టారు · 9 మార్చి, మధ్యాహ్నం 1:25

తెనాలి పోలో గారూ, ఇరవై రెండేళ్ళుగా కార్ల వైరింగ్ పని చేస్తున్నవాడిగా ముందు ఒక మాట. మీ పాత సెట్టు పూర్తిగా పోలేదు. శబ్దం గుండీ వెనక ఎన్‌కోడర్ అని చిన్న భాగం ఉంటుంది. లోపలి పలకల మీద మురికి చేరితే ఎటు తిప్పారో సెట్టుకు అర్థం కాదు, అందుకే మీరు చెప్పినట్టు పెరిగి తగ్గుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు తిప్పితే కొన్నాళ్ళు ఆగుతుంది. భాగమే మార్చితే మరీ మంచిది, ధర వందల్లోనే. కుదుపుకు ఆగిపోవడమంటే ఎక్కడో టంకం చిట్లి ఉంటుంది, లేదా కప్లర్ వదులై ఉంటుంది. ముందు కప్లర్ తీసి గట్టిగా పెట్టి చూడండి. వెలిసిన తెరకు మాత్రం నా దగ్గర మందు లేదు.

మార్చాలనే అనుకుంటే మరొకటి తెలుసుకోండి. పాతకాలం కార్లలో తాళం తిప్పగానే సెట్టుకు కరెంటు ఇచ్చే వైరు ఒకటి విడిగా ఉండేది. మీ కారులో అది లేదు. క్వాడ్‌లాక్‌లో 15వ పిన్ను ఎప్పుడూ కరెంటు ఉండే వైరు, 12వ పిన్ను ఎర్తు. తాళం తిప్పారా, తీశారా, లైట్లు వేశారా, స్టీరింగ్ బటన్ నొక్కారా అన్న కబురంతా 9, 10 పిన్నుల్లోని రెండు సన్న వైర్ల మీదుగా వస్తుంది. వాటినే క్యాన్ వైర్లు అంటాం. కారులోని పెట్టెలన్నీ ఆ రెండు తీగల మీదే మాట్లాడుకుంటాయి. కంపెనీ సెట్టుకు ఆ భాష వచ్చు, బయటి సెట్టుకు రాదు. అందుకే మధ్యలో దుబాసీలాగా ఒక డబ్బా తగిలిస్తారు. ఆ డబ్బా మంచిదైతే సరే, నాసిరకమైతే కారు నిద్రపోదు.

నిద్రపోదు అన్న మాట గుర్తుంచుకోండి. తాళం వేసి వెళ్ళాక పది, ఇరవై నిమిషాల్లో ఈ పెట్టెలన్నీ పడుకోవాలి. ఒక్కటి మేలుకుని ఉన్నా తక్కినవాటినీ పడుకోనివ్వదు. తెల్లారేసరికి బ్యాటరీ దిగుతుంది.

సాగరతీరం · 9 మార్చి, సాయంత్రం 6:03

నేను ఒప్పుకోను. విశాఖలో మా కారుకు మంచి రకం ఆండ్రాయిడ్ సెట్టు పెట్టించి మూడేళ్ళయింది. పెద్ద తెర మీద మ్యాపు చూసుకుంటూ అరకు ఘాట్ ఎక్కడం ఎంత హాయో చెప్పలేను. వెనక కెమెరా, ముందు కెమెరా రెండూ కలిపాను. దుబాసీ డబ్బాతో కూడా నా స్టీరింగ్ బటన్లు పనిచేస్తున్నాయి, బ్యాటరీ ఒక్కసారీ దిగలేదు. కంపెనీ సెట్టు అనగానే అంతా దివ్యం, బయటిది అనగానే అంతా చెత్త అనడం న్యాయం కాదు. పని చేసే చెయ్యి ముఖ్యం.

తెనాలి పోలో · 9 మార్చి, రాత్రి 8:30

సాగరతీరం గారూ, మీ సెట్టులో మీడియం వేవ్ వస్తుందా? ఒకసారి 927 పట్టి చూడగలరా?

సాగరతీరం · 10 మార్చి, ఉదయం 8:15

చూశాను. ఇన్నాళ్ళూ అవసరపడక గమనించలేదు. ఏఎం, అంటే మీడియం వేవ్, బొమ్మ అయితే ఉంది, కానీ విశాఖలోనే ఉండి విశాఖ కేంద్రం 927 వింటుంటే మాటల వెనక ఒకటే గుర్రుమంటోంది. తెర ఆపేస్తే కాస్త తగ్గుతోంది. మీ నాన్నగారి కోసమే అయితే ఓరుగల్లు వెంటో గారి మాటే వినండి. నా వాడకానికి నాది బాగుంది, మీ వాడకం వేరు.

వైరింగ్ మాస్టారు · 10 మార్చి, ఉదయం 10:50

సరిగ్గా చెప్పారు. తెర వెలిగించే సర్క్యూట్టు, లోపలి కంప్యూటరు రెండూ మీడియం వేవ్ ఉండే చోటే రొద పుట్టిస్తాయి. మంచి సెట్టులో రేడియో భాగాన్ని రేకు పెట్టెలో మూసేసి విడిగా ఉంచుతారు. ఏ సెట్టయినా కొనే ముందు షాపులోనే ఏఎం పెట్టించి వినండి.

డాలస్ తెలుగు · 10 మార్చి, రాత్రి 11:47

రేడియో మాట వచ్చింది కాబట్టి నేను చేసిన పొరపాటు ఒకటి చెప్తాను, ఇంకొకరు చేయకూడదు. నేను ఇక్కడ టెక్సస్‌లో నా ఫోర్డ్‌కు సింక్ 2 అనే పాత కంపెనీ తెర సెట్టు తీసి, తర్వాతి తరం సింక్ 3 పెట్టుకున్నాను. తెర, వెనక ఉండే ఏపీఐఎం అనే కంప్యూటరు పెట్టె, యూఎస్‌బీ హబ్బు మూడూ మార్చాలి. హబ్బు మార్చకపోతే కార్‌ప్లే రాదు. తర్వాత ఫోర్‌స్కాన్ అనే ప్రోగ్రాముతో లాప్‌టాప్ తగిలించి, మన కారులో ఏమేమి ఉన్నాయో కొత్త పెట్టెకు చెప్పుకోవాలి. ఒక శనివారం పట్టింది. చాలా సంతృప్తిగా ఉంది.

ఆ ఉత్సాహంతో హైదరాబాదులో ఉన్న మా తమ్ముడి కారు కోసం ఇక్కడి నుంచి ఒక కంపెనీ సెట్టు కొని పట్టుకెళ్ళాను. కప్లర్ సరిపోయింది, బటన్లు పనిచేశాయి. ఎఫ్ఎం పెడితే రెయిన్‌బో 101.9 ఖణేల్‌మని పలికింది. వివిధ భారతి 102.8 మాత్రం రాదు. 102.7 ఉంది, 102.9 ఉంది, మధ్యలో ఏమీ లేదు. అమెరికా స్టేషన్లన్నీ దశాంశం తర్వాత బేసి అంకెల మీదే ఉంటాయి, సెట్టు ఆ మెట్లు మాత్రమే ఎక్కుతుంది. మీడియం వేవ్ మరీ అన్యాయం. మన దేశంలో తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ మెట్లు, ఇక్కడ పదేసి. హైదరాబాదు కేంద్రం 738 మీద ఉంటే సెట్టు 730 నుంచి 740కి దూకుతుంది. కొన్ని సెట్లలో దేశం మార్చుకునే వీలుంటుంది. దానిలో ఎంత వెతికినా దొరకలేదు. మా అమ్మ ముందు ఆ సెట్టు పెట్టి తలదించుకున్నాను.

మీ 837 తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 93. కాబట్టి తొమ్మిది మెట్ల సెట్టే కొనండి.

ఓరుగల్లు వెంటో · 11 మార్చి, ఉదయం 7:30

నా ఆర్‌సీడీ 330 తొమ్మిది మెట్లదే. ఇప్పుడే కారులోకి వెళ్ళి చూసి వస్తున్నాను, 729, 738, 747 వరసగా వచ్చాయి. జపాను నుంచి దిగిన సెట్లతోనూ జాగ్రత్త. అక్కడి ఎఫ్ఎం 76 దగ్గరే మొదలవుతుంది, పాత సెట్లు 90 దాటవు. మన స్టేషన్లలో చాలావరకు వాటికి అందవు.

వేదిక నిర్వాహకుడు · 11 మార్చి, ఉదయం 9:05

పాత సామాను కొనేవారందరికీ మనవి. సికింద్రాబాద్ రాణిగంజ్ అయినా, విజయవాడ ఆటోనగర్ అయినా, ఢిల్లీ కరోల్‌బాగ్ అయినా బిల్లు లేకుండా కంపెనీ సెట్టు కొనకండి. ఈ సెట్లకు నాలుగంకెల రహస్య కోడు ఉంటుంది. కరెంటు తీసి పెడితే అది అడుగుతుంది. అమ్మేవారి దగ్గర కోడు లేదంటే ఆ సెట్టు ఎవరి కారులోంచి వచ్చిందో ఆలోచించాలి. సెట్టు పక్కన అతికించిన చీటీ మీది సీరియల్ నంబరు, తెర మీద కనిపించే నంబరు ఒకటేనా అని చూడండి. కోడు తప్పు కొడుతూ పోకండి, సెట్టు గంటసేపు తాళం వేసుకుని కూర్చుంటుంది.

తెనాలి పోలో · 23 మార్చి, సాయంత్రం 5:20

బిల్లుతో, కోడుతో కొన్నాను. ఈ ఆదివారం ఇంట్లోనే బిగించాను. నాన్నగారు కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు.

ముందుగా బ్యాటరీ నెగటివ్ తీశాను. చట్రం లాగడానికి చాలాసేపు జంకాను. ప్లాస్టిక్ గరిటెకు పాత పంచె ముక్క చుట్టి, కింది మూల నుంచి కాస్త కాస్త లేపుతూ వస్తే ఒక్కొక్క క్లిప్పూ టక్కుమంటూ వదిలింది. ఒక్కటీ విరగలేదు. నాలుగు మరలు తీసి పాత సెట్టును బయటికి లాగితే దాని నెత్తిన పన్నెండేళ్ళ ఎర్రటి దుమ్ము, మూలన ఎండిన గడ్డిపోచ ఒకటి. క్వాడ్‌లాక్ మీది చిన్న అడ్డుకడ్డీ పైకి తిప్పితే కప్లర్ దానంతట అదే వెనక్కి జరిగింది. లాగాల్సిన పనే లేదు. చేయబోయేవారు ఇది గుర్తుంచుకోండి, బలం వాడకండి.

ఫోను మాటల కోసం మైకు వైరు పైకి తీసుకెళ్ళాలి. ముందు అద్దం పక్క స్తంభం మీది కవరు తీశాను. అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో వైరు దాని వెనక నుంచి పోవాలి, ముందు నుంచి పోకూడదు. మా కారులో ఆ బ్యాగు లేదు కానీ అలవాటు మంచిదని వెనక నుంచే తీశాను.

బ్యాటరీ తగిలించగానే మీటరులో స్టీరింగ్ బొమ్మ పసుపుపచ్చగా వెలిగింది. గుండె ఆగినంత పనైంది. వీధి చివరిదాకా నడిపితే ఆరిపోయింది. కిటికీ అద్దాలు ఒక్క నొక్కుకు పైకి పోవడం మానేశాయి. పూర్తిగా పైకెత్తి స్విచ్ కాసేపు పట్టుకుంటే మళ్ళీ నేర్చుకున్నాయి. కోడు ఒకేసారి పట్టింది. 837 పెట్టాను. వార్తల వేళ కాదు, ఎవరో నాదస్వరం వాయిస్తున్నారు. నాన్నగారు ఏమీ అనలేదు, కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

ఓరుగల్లు వెంటో · 23 మార్చి, సాయంత్రం 7:10

శుభాకాంక్షలండీ. చదువుతుంటే నా 2019 ఆదివారం గుర్తొచ్చింది.

వైరింగ్ మాస్టారు · 23 మార్చి, రాత్రి 9:00

బాగుంది. నిద్ర కరెంటు, అంటే తాళం వేశాక కూడా బండి తాగే కరెంటు, కొలిచారా? కొలవకుండా చట్రం మూసి ఉంటే రేపు మళ్ళీ తెరవాల్సి రావచ్చు.

తెనాలి పోలో · 29 మార్చి, ఉదయం 6:40

మాస్టారూ, మీ మాట వినకపోవడం నా పొరపాటు. పెళ్ళికి వెళ్ళి నాలుగు రోజులు బండి తీయలేదు. ఈ రోజు పొద్దున నాన్నగారు తాళం తిప్పితే టకటకమని చప్పుడు తప్ప ఇంజను తిరగలేదు. బ్యాటరీ వేసి పది నెలలే అయింది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

వైరింగ్ మాస్టారు · 29 మార్చి, ఉదయం 8:05

కంగారు పడకండి. బ్యాటరీ పూర్తిగా చార్జి చేయించి, మల్టీమీటరు తీసుకోండి. పది ఆంపియర్ల గడిలో పెట్టి, నెగటివ్ టెర్మినల్‌కూ దాని వైరుకూ మధ్య తగిలించండి. బానెట్ తెరిచే ఉంటుంది కదా, డ్రైవరు తలుపు కూడా తెరిచి, దాని తాళపు కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి నొక్కండి. తలుపు మూసేశారని కారు అనుకుంటుంది. తాళం చెవి బయట పెట్టుకోండి. మీటరు తగిలించి ఉండగా పొరపాటున కూడా స్టార్టు చేయకండి, మీటరు ఫ్యూజు పోతుంది. ఇరవై నిమిషాలు ఆగండి. అంకె 0.05 లోపు రావాలి. 0.02, 0.03 అయితే ఆరోగ్యం.

రాకపోతే సెట్టు కప్లర్ తీసి మళ్ళీ చూడండి. దొంగ ఎవరో అక్కడే తెలుస్తుంది. ఇంకొకటి, సెట్టుతో పాటు అమ్మినవారు అదనపు వైరింగు ఏమైనా ఇచ్చారా?

తెనాలి పోలో · 29 మార్చి, మధ్యాహ్నం 12:35

ఇచ్చారు. చిన్న నల్ల డబ్బా ఉన్న కప్లర్ వైరు ఒకటి. సెట్టుతో వచ్చింది కదా, పెట్టాలేమో అనుకుని మధ్యలో తగిలించాను.

కొలిచాను. మొదట 3 ఆంపియర్ల దాకా చూపించి, మెల్లగా దిగుతూ వచ్చి 0.28 దగ్గర ఆగిపోయింది. అరగంట చూసినా అంతే. సెట్టు కప్లర్ తీయగానే కాసేపటికి 0.02.

వైరింగ్ మాస్టారు · 29 మార్చి, మధ్యాహ్నం 12:58

దొరికింది. ఆ డబ్బా మీ కారుకు అక్కర్లేదు. క్యాన్ వైర్లు లేని పాత కార్లలోనో, వేరే కంపెనీ కార్లలోనో ఈ సెట్టు పెట్టేవారి కోసం అది. కారు మేలుకుని ఉందని సెట్టుకు నటించి చూపడమే దాని పని. మీ కారు నిద్రపోదామన్నా అది పోనివ్వడం లేదు. 0.28 అంటే రోజుకు దాదాపు 6.7 ఆంపియర్ అవర్లు. మీ బ్యాటరీ 60ది అనుకున్నా నాలుగున్నర రోజుల్లో సగం ఖాళీ. లెక్క మీ పెళ్ళి ప్రయాణానికి సరిపోయింది. డబ్బా తీసేసి కారు కప్లర్‌ను నేరుగా సెట్టుకు పెట్టండి. మళ్ళీ కొలవండి. ఈసారి చట్రం మూయకుండా కొలవండి.

డాలస్ తెలుగు · 29 మార్చి, రాత్రి 10:20

డబ్బా తీశాక కూడా తగ్గకపోతే, కారులోని పెట్టెల మధ్య కబుర్లు చేరవేసే గేట్‌వే సంగతి చూడాలి. ఇదే గ్రూపు పాత గోల్ఫ్, జెట్టా కార్లలో కొత్త సెట్టు పెట్టినప్పుడు పాత గేట్‌వేకు ఆ సెట్టును పడుకోబెట్టడం తెలియక బ్యాటరీ దిగిన ఉదాహరణలు చాలా ఉన్నాయి. వీసీడీఎస్ లాంటి, కారు కంప్యూటర్లను పరీక్షించే పరికరం ఉన్నవారు 19వ చిరునామాలో గేట్‌వే జాబితా తెరిచి రేడియోకు టిక్కు ఉందో లేదో చూడాలి. రేడియో చిరునామా 56. ముందు సులువైనది ప్రయత్నించండి.

తెనాలి పోలో · 30 మార్చి, ఉదయం 9:15

డబ్బా తీసేశాను. రాత్రి టార్చి పట్టుకుని కూర్చుని చూశాను. 3 నుంచి 0.9, అక్కడి నుంచి 0.3, చాలాసేపు అక్కడే నిలిచింది. ఇక లేచిపోదాం అనుకుంటుండగా 0.03కి పడింది. స్టీరింగ్ బటన్లు డబ్బా లేకుండానే పనిచేస్తున్నాయి. మాస్టారూ, ఒక్క ఆదివారం కాదు, ఒక బ్యాటరీ మిగిల్చారు.

ఇంకొక చిన్న సంగతి. పొద్దున 837 మీద జుమ్మని మోత వచ్చింది. కొత్త సెట్టే అనుకుని బెంగపడ్డాను. సిగరెట్ లైటర్ సాకెట్టులో పెట్టిన ఫోను చార్జరు తీయగానే పోయింది. ఎఫ్ఎం మీద ఆ మోత తెలియలేదు.

వైరింగ్ మాస్టారు · 30 మార్చి, ఉదయం 9:50

చవక చార్జర్లతో అదే బాధ. మంచిది కొనండి, లేదా సెట్టుకున్న యూఎస్‌బీలోనే చార్జి పెట్టుకోండి. పాత సెట్టు పారేయకండి. ఎన్‌కోడర్ మార్చి, కోడు రాసిన చీటీ అతికించి అట్టపెట్టెలో దాచండి. కారు అమ్మేటప్పుడు అడిగేవారు ఉంటారు.

సాగరతీరం · 30 మార్చి, మధ్యాహ్నం 2:30

ఈ చర్చ చదివాక నేనూ మీటరు తగిలించాను. నాది 0.06. మాస్టారు చెప్పిన హద్దుకు కాస్త పైన ఉంది. బండి రోజూ తీస్తాను కాబట్టి ఇన్నాళ్ళూ తెలియలేదు. వచ్చే నెల పది రోజులు ఊరెళ్తున్నాను, నెగటివ్ తీసి వెళ్తాను.

తెనాలి పోలో · 6 ఏప్రిల్, ఉదయం 7:25

వారం గడిచింది. మంగళవారం నుంచి శుక్రవారం దాకా కావాలనే బండి కదపలేదు. శనివారం పొద్దున బ్యాటరీ 12.5 వోల్టులు చూపించింది, సగం తిప్పుకే ఇంజను అందుకుంది. శబ్దం గుండీ ఎటు తిప్పితే అటే వెళ్తోంది. నాన్నగారు తెర మీద 837కు ఒక బటన్ కేటాయించమన్నారు, మొదటి గడిలో పెట్టిచ్చాను. ఇవాళ పొలం నుంచి వచ్చి, రెండో గడిలో ఏం పెట్టొచ్చని అడుగుతున్నారు.